పల్నాటి లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ

హైదరాబాద్ నుంచి నరసరావుపేట వెళ్లేటప్పుడు వాడపల్లి దగ్గర కృష్ణ దాటగానే ఫోన్ పక్కన పెట్టేయడం నాకు అలవాటు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు కనపడ్డాయంటే ఇల్లొచ్చేసినట్టే. పోయినేడు సంక్రాంతికి మాత్రం కృష్ణ దాటాక కూడా ఫోన్ చేతిలోనే ఉంది. క్రెడిట్ కార్డు బిల్లు 60 వేలు.

ఇయర్ ఎండ్ సేల్‌లో కొత్త ఫోను, ఇంటిల్లిపాదికీ బట్టలు, ఫ్రెండ్స్‌తో ఒక ట్రిప్పు, పండగ పేరుతో డబులైన బస్ టికెట్. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద ఖర్చు కాదు. కింద 'మినిమమ్ డ్యూ 3 వేలు' అని కనపడింది. బస్సులోనే కట్టేసి హాయిగా నిద్రపోయా.

సంక్రాంతికి చేసిన ఖర్చు శివరాత్రికి తగులుతుంది. ఆ శివరాత్రికి బాబాయితో కలిసి కోటప్పకొండ తిరునాళ్లకెళ్లా. త్రికోటేశ్వరుడి దర్శనం సంగతెలా ఉన్నా, కొండ కింద ప్రభలు చూడాలి. ఊళ్లవాళ్లు చందాలు పోగేసి, నెలల తరబడి కష్టపడి కట్టినవి. మేడంత ఎత్తు, నిండా కరెంటు బల్బులు. రాత్రంతా అక్కడే జనం.

ఆ వెలుగులో నిలబడి బాబాయి మిరప లెక్కలు చెబుతున్నాడు. పెట్టుబడికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడట. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. 'ఇంకా ఆ వడ్డీలేంది బాబాయ్, నా కార్డు చూడు, సంతకం లేదు, హామీ లేదు' అన్నా గొప్పగా.

'అట్టాగా! వడ్డీ ఎంతరా?'

'ఏడాదికి 42 శాతం.'

'శాతాలు నాకెందుకు? నూటికి నెలకెంతో చెప్పు.'

ఇంజినీరింగ్ చదివిన నేను ఆ భాగహారం అప్పటిదాకా చేయలేదు. మూడున్నర.

బాబాయి నవ్వలేదు. 'నేను కాయ అమ్మి కడతా. నువ్వేం అమ్మి కడతావురా?' అన్నాడు.

ఇంటికొచ్చాక స్టేట్‌మెంట్ సరిగ్గా చదివా. మిగిలిన 57 వేలకు నెలకు మూడున్నర చొప్పున వడ్డీ దాదాపు 2 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,350. అంటే మళ్లీ 3 వేలు కడితే అసలులో తగ్గేది 650 రూపాయలే. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. బిల్లు మొత్తం కట్టకపోతే వడ్డీ లేని గడువు పోతుంది. ఆ తర్వాత ఆర్డర్ చేసిన బిర్యానీకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ. నో కాస్ట్ ఈఎంఐలోనూ ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఎక్కడో ఒకచోట దాక్కునే ఉంటాయి.

అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. గాజులు తీసి చేతిలో పెట్టింది. బ్యాంకులో తాకట్టు పెడితే రూపాయి లోపు వడ్డీకే డబ్బొచ్చింది. కార్డు బాకీ ఒకేసారి కట్టేశా. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత కార్డు లిమిట్ యాప్‌లోనే 30 వేలకు తగ్గించుకున్నా. ఆటోపే మినిమమ్‌కి కాకుండా మొత్తం బిల్లుకి పెట్టా. జూన్ నుంచి నెలకు 4 వేలు పండగ ఆర్‌డీలో వేశా, ప్రభకి చందా వేసినట్టు. డిసెంబరుకి 28 వేలు. ఈ ఏడు బట్టలు, టికెట్లు అన్నీ అందులోనే. ఫోను పాతదే.

ఈ సంక్రాంతికి మా తమ్ముడి బండి మీద కారంపూడి వెళ్లా. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది ఇక్కడే, నాగులేరు ఒడ్డున. వీరుల గుడి ఉంది. ఆ కథ మనందరికీ తెలిసిందే. కోడిపందెంలో గురజాల నాగమ్మ పుంజు గెలిచింది, బ్రహ్మనాయుడి పుంజు ఓడింది. పందెం ప్రకారం మాచర్ల వాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాల్సొచ్చింది. గడువు తీరాక వచ్చి అడిగితే రాజ్యం తిరిగివ్వలేదు, యుద్ధమైంది. ఏడేళ్లంటే 84 నెలలు. పందెం నడిచింది మాత్రం ఒక్క పూట. చట్టం వద్దంటున్నా పండక్కి పుంజుల మీద డబ్బు కాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని చూసి నవ్వే అర్హత నాకైతే లేదు.

అక్కణ్నుంచి మాచర్ల. చెన్నకేశవస్వామి గుడిలో దర్శనం చేసుకుని బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. పండగ కానుకగా నా కార్డు లిమిట్ 2 లక్షలకు పెంచుకోవచ్చట, 'ఓకే' నొక్కితే చాలట.

నొక్కలేదు. గాజులు విడిపించడానికి ఇంకా రెండు వాయిదాలున్నాయి. పొద్దున నాకు అరిసెలు కట్టిచ్చేటప్పుడు చూశా, అమ్మ చేతులకు ఈ పండక్కీ మట్టిగాజులే.