వినికిడి అనే మాట

పోలీసు ఉద్యోగానికి ఎంపికైన పిల్లల పూర్వాపరాలు విచారించి రిపోర్టు రాయడం కొన్నేళ్లు నా పని. 2016లో జిల్లాలు విడిపోకముందు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ పాలమూరే. బస్సు పోని తండాలకూ, అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకూ నడిచి పోయేవాణ్ణి. నేనూ తండా బిడ్డనే.

ఒక పాత రిపోర్టులో ఇలా ఉంది: "ఆ తండాలో సారా కాస్తారని వినికిడి." ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో లేదు. అబ్బాయి మీద కేసే లేదు. ఆ వాక్యం అతని గురించి ఏమీ చెప్పదు. కానీ చదివే అధికారికి అనుమానం పుట్టిస్తుంది.

నేను ఇలా రాసేవాణ్ణి: "ఫలానా తేదీన ఇంటికి వెళ్లాను. తల్లినీ, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లనూ, బడి సారునూ విడివిడిగా అడిగాను. స్టేషన్ రికార్డు చూశాను. కేసు లేదు." చూసింది వేరు, విన్నది వేరు, మనం ఊహించింది వేరు. విన్నదానికి చెప్పినవారి పేరుండాలి. ఊహకు రిపోర్టులో చోటు లేదు. కేసుంటే నంబరు, సెక్షను రాయాలి. కోర్టు కొట్టేసి ఉంటే ఆ తేదీ కూడా రాయాలి.

పెంటలో ఇంటి నంబరు లేదని "చిరునామా దొరకలేదు" అని రాస్తే ఉద్యోగం ఆగిపోతుంది. పెంట పేరు, ఇంటి పెద్ద పేరు, దారి ఆనవాలు రాస్తే చాలు. బడిలో ఒక పేరు, తండాలో పిలిచేది ఇంకో పేరు అయితే, రెండూ ఒక్కరివేనని ఎవరు చెప్పారో రాయాలి. లేకుంటే ఒకరి కేసు ఇంకొకరి మీద పడుతుంది.

పుట్టుకను బట్టి దొంగ అనే రాత మనకు కొత్త కాదు. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత తుంగభద్ర అవతలి మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్లను ఆ జాబితాలో చేర్చారు. ఆ చట్టం 1952లో రద్దయింది. అయినా వెనుకబడిన కులాల, తెగల అమాయకుల పేర్లను ముందే ఏర్పడ్డ అభిప్రాయంతో హిస్టరీ షీట్లలో ఎక్కించొద్దని 2024లో కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అటెస్టేషన్ ఫారంలో పోడు కేసైనా, సారా కేసైనా అడిగితే దాచకండి. చిన్న కేసైతే అధికారి పరిస్థితులు చూసి మన్నించవచ్చనీ, దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చనీ 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సార్లూ, టీచరమ్మలూ, పిల్లలను ఒకసారి సంతకు పంపి, చూసింది ఒక పేజీలో, విన్నది ఇంకో పేజీలో రాయించండి. వాళ్లలో ఒకరు రేపు ఎవరి గురించో రిపోర్టు రాస్తారు.