మా లెక్కల టీచరుగారు

పోయిన మాఘమాసంలో మా లెక్కల టీచరుగారు పోయారని చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ఎనభై దాటిన మనిషే, మంచాన పడకుండా వెళ్లిపోయారు. అయినా రెండు రోజులు నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ముమ్మిడివరం దగ్గర మా పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆవిడ చాలా ఏళ్లు పని చేశారు. చిన్న వయసులోనే భర్త పోతే, అన్నగారింట ఉండి బి.ఇడి. చదివి ఉద్యోగం సంపాదించుకున్నారట. ఈ సంగతి మా అమ్మావాళ్లు అనుకుంటుంటే విన్నదే గానీ ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. నేత చీర, చంకలో గొడుగు, కొంగుకి ఎప్పుడూ సుద్దపొడి.

లెక్కలంటే మాకు జ్వరం వచ్చేది. భిన్నాలు అర్థంకాక దిక్కులు చూస్తుంటే ఒకరోజు ఇంటి నుంచి గిద్ద, సోల, తవ్వ, మానిక సంచిలో వేసుకొచ్చారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మా చేత బియ్యం కొలిపించి, "గిద్ద మానికలో ఎన్నో వంతే?" అన్నారు. పదహారో వంతు! వంటింట్లో రోజూ చేసే పనికా ఇన్నాళ్లూ భయపడ్డాం అనిపించింది. ఆ రోజు మగపిల్లలే దిక్కులు చూశారు లెండి.

నేను పదో తరగతిలో ఉండగా, 1996 నవంబరు 6న తుఫాను వచ్చింది. దీపావళి ఇంక నాలుగు రోజులుందనగా. కోనసీమ వాళ్లకు ఆ రాత్రి సంగతి వేరే చెప్పక్కర్లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే మా కొబ్బరితోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బడి పెంకులు లేచిపోతే టీచరుగారు ఆ గోడల మధ్యే ఎండలో క్లాసు పెట్టారు. తడిసిన మా పుస్తకాలు కాగితం కాగితం విడదీసి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి ఇచ్చారు.

సంక్రాంతి వెళ్లాక, పరీక్షలు కాగానే నాకు పెళ్లి చేసేద్దామన్నారు నాన్నగారు. నాకప్పుడు పదిహేనేళ్లు. ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలని 1978లోనే చట్టం మార్చారు గానీ, మా వైపు ఆ రోజుల్లో ఎవరికి పట్టింది?

సంగతి తెలిసి టీచరుగారు మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మామ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "పెళ్లికి ఎంతవుతుందండీ?" అనడిగారు.

"ముప్పై వేలు అప్పు చెయ్యాలండీ."

"వడ్డీ?"

"నూటికి మూడు రూపాయలు."

నా నోటుపుస్తకం అందుకుని పెన్సిలుతో వేశారు. నెలకు 900. ఏడాదికి 10,800. "ఇప్పుడు వేసే కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఆరేళ్లనుకోండి. అప్పటికి వడ్డీయే 64,800. అసలు అలాగే ఉంటుంది. కాలేజీకైతే బస్సు పాసు, పుస్తకాలు." అంతే, ఆపేశారు. నాన్నగారు ఆ కాగితం వంక చాలాసేపు చూశారు. లోపల్నుంచి మామ్మే, "చదివించరా, అప్పు కంటే నయం" అంది.

అలా ఇంటర్ చదివాను. డిగ్రీకి మాత్రం పంపలేదు. టీచరుగారు మళ్లీ వచ్చారు గానీ, ఈసారి నాన్నగారు అప్పు అక్కర్లేని సంబంధం చూసి పెట్టుకున్నారు. లెక్క పారలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

రిటైరయ్యాక కూడా ఆవిడ ఊరు వదల్లేదు. చీటీలు కట్టేవాళ్లు, డ్వాక్రా సంఘం ఆడవాళ్లు పుస్తకాలు పట్టుకుని ఆవిడ అరుగు మీదికే వచ్చేవారు. "రెండు రూపాయల వడ్డీయేగా అనుకోకండే, ఏడాదికి 24 శాతం!" అని కోప్పడేవారు.

మా గృహప్రవేశానికి పిలవడానికి వెళ్లినప్పుడు చూపు బాగా మందగించింది. గొంతు గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. బొట్టు పెట్టించుకుని, శుభలేఖ ఒళ్లో పెట్టుకుని, "అప్పెంత చేశారే? వడ్డీ ఎంత? ఎన్ని నెలలు?" అని అన్నీ అడిగారు. వేళ్లు మడుస్తూ కాసేపు ఏదో వేసుకుని, "సరే, ఫర్వాలేదు. పాసుపుస్తకం మాత్రం నీ దగ్గర పెట్టుకో" అన్నారు.