దాదా వేళ్ల మీద అయిదు సంవత్సరాలు

మా దాదాను 1948 గురించి ఎప్పుడు అడిగినా 1950 గురించి చెప్పేవాడు.

"దాదా, పోలీస్ యాక్షన్ అప్పుడు నువ్వెక్కడున్నవ్?" అంటే కాసేపు గడ్డం నిమురుకునేవాడు. తర్వాత కుడిచేయి చాపి, తస్బీహ్ లెక్కపెట్టినట్టు బొటనవేలితో వేళ్ల గణుపులు ఒక్కొక్కటీ తాకుతూ "పచాస్, ఇక్యావన్, బావన్, తిర్పన్, చవ్వన్" అనేవాడు. "పాంచ్ సాల్, బేటా. బొంబైల ఐదేండ్లు వరుసగ రోవర్స్ కప్ మనదే." అంతే. ఇంక ఆ రోజంతా ఫుట్‌బాలే.

మాది నల్లగొండ వైపు ఖానదాన్. ఇంట్లో తెలుగే ఎక్కువ. ఉర్దూ దువాకూ, కోపానికీ, ఫుట్‌బాల్‌కూ. దాదా నిజాం జమానాలో పట్నం వచ్చి సిటీ పోలీసులో జవాన్‌గా చేరాడు. ఆటగాడు కాదు. టీమ్‌తో ఆయనకున్న రిష్తా ఒక్కటే: వాళ్లదీ తనదీ ఒకే వర్దీ. దాదా వాళ్ల అన్న ఒకాయన ఆ సెప్టెంబర్‌లో బీదర్ వైపు వెళ్లి తిరిగి రాలేదు. ఈ సంగతి మాకు చెప్పింది దాదీమా. దాదా నోటి నుంచి ఒక్కనాడూ వినలేదు.

ఆ రోజులను మన బుజుర్గులు సుఖూతె హైదరాబాద్ అనేవాళ్లు. గ్రామాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. ఆ రిపోర్టు 2013 దాకా జనం చేతికి రాలేదు. సర్కారే మాట్లాడని విషయం గురించి ఒక జవాన్ ఏం మాట్లాడతాడు! పైగా కొలువు చేసేది అదే సర్కారులో. నమాజులో సజ్దా చేసినంత సేపు తప్ప మిగతా టైమంతా తల వంచకుండా బతకాలంటే ఆ తరానికి ఏదో ఒకటి కావాలి. మా దాదాకు సిటీ పోలీస్ టీమ్ దొరికింది.

1950లో ఏం జరిగిందో ఒకసారి చూడండి. హైదరాబాద్ అనే రియాసత్ పడిపోయి రెండేళ్లు. ఆ ఊరి పేరు వింటే దేశమంతా షక్‌గా చూసే కాలం. అప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ అనే పేరు పెట్టుకుని, నూర్ ముహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, లతీఫ్ లాంటి పేర్లున్న పిల్లలు బొంబై వెళ్లి రోవర్స్ కప్ గెలిచారు. అదే ఏడు ఢిల్లీ వెళ్లి, ఫైనల్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చారు. దేశ రాజధానిలో అందరూ చూస్తుండగా! తర్వాత 1954లో, 1957లో, 1961లో మళ్లీ డ్యూరాండ్. రోవర్స్ అయితే వరుసగా ఐదేళ్లు, ఆ తర్వాత మరికొన్నిసార్లు. ఐదేళ్లు వరుసగా అనే మాటను దాదా ఎంత నెమ్మదిగా పలికేవాడో నేను రాయలేను.

మరుసటి రోజు అఖ్బార్ వస్తే ఇరానీ హోటల్లో ఒకాయన గట్టిగా చదివేవాడట, మిగతా వాళ్లు చాయ్ చల్లారబెట్టుకుని వినేవాళ్లట. గెలిచిన రోజు దాదా గోష్త్ తెస్తానని వెళ్లి, చేతులూపుకుంటూ మిఠాయి తినొచ్చేవాడని దాదీమా చివరిదాకా షికాయత్ చేసింది.

ఈ టీమ్ వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివాడు, బడిపంతులుగా పనిచేశాడు. అందుకే రహీం సాబ్ కోచింగ్‌లో నాకు కోచ్ కంటే ఉస్తాద్ ఎక్కువ కనిపిస్తాడు. పిల్లలు బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని షోకులు పోతుంటే, డ్రిబ్లింగే చేయకూడదనే షర్తు మీద పోటీలు పెట్టాడు. బంతి వచ్చిందా, ఇంకొకరికి ఇచ్చెయ్యి. ఎడమ కాలు పనికిరాని వాళ్ల కోసం ఆ బలహీనమైన కాలుతోనే ఆడాలని ఇంకో రకం పోటీలు పెట్టాడు. ఇవన్నీ తిట్టి, కొట్టి నేర్పే రివాజున్న కాలంలో! ఆట రూల్‌ను కొద్దిగా మార్చి, నేర్చుకోక తప్పని పరిస్థితి తెచ్చేవాడు. పిల్లలకు ఖురాన్ చదివించే హాఫిజ్ సాబ్‌లు, ట్యూషన్లు చెప్పే మన ఆపాలు ఈ ఒక్క తరీఖా గురించి ఆలోచించినా బాగుంటుంది.

దాదా ఈ తరీఖాను మా గల్లీలో నా మీద ప్రయోగించాడు. నెల రోజులు కుడి కాలుతో బంతి ముట్టుకుంటే ఆట బంద్. నేను ఎడమ కాలుతో తన్నిన బంతులన్నీ పక్కింటి ఖాలా మిరపకాయలు ఎండబెట్టుకున్న చోట పడేవి. ఖాలా దాదాను ఏమీ అనలేక నన్ను అనేది.

రహీం సాబ్ ఇండియా టీమ్‌కూ కోచ్. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. 1952 హెల్సింకిలో మనవాళ్లు చాలామంది ఒట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లారు. 1962 జకార్తాలో, స్టేడియం మొత్తం ఇండియాకు వ్యతిరేకంగా అరుస్తుండగా, సౌత్ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ గోల్డ్. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న ఇంతెఖాల్ అయ్యారు. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయాలి.

ఇక్కడ ఒక మాట. ఈ తారీఖ్‌ను "మన ముసల్మానుల ఫుట్‌బాల్" అని చెప్పుకునే ఆదత్ మనలో కొందరికుంది. నాకు నచ్చదు. గోల్‌లో నిలబడిన పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్ తమిళ క్రైస్తవుడు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ పిల్లవాడు. 1962 గోల్డ్ టీమ్‌లో వీళ్లిద్దరి పక్కనే మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. దాదా పేర్లు చదివేటప్పుడు ఎవరిది ఏ మజహబ్ అని వేరు చేసి చదవలేదు. "హమారా బలరాం" అనేవాడు, "హమారా నూర్" అన్నట్టే. సుఖూత్ చూసిన మనిషి అలా అనగలిగాడు. అందుకే ఆ "హమారా"కు నా దగ్గర చాలా విలువుంది.

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రమే లేకుండా పోయింది. తమాషా ఏమిటంటే సంతోష్ ట్రోఫీలో మాత్రం ఆ పేరు ఇంకొంత కాలం బతికింది. 1956లో, 57లో ఛాంపియన్ హైదరాబాదే. తర్వాత 1965లో గెలిచింది ఆంధ్రప్రదేశ్. సిటీ పోలీస్ కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. గెలవడం మానలేదు, 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్. దాదాకు మాత్రం ఆ కొత్త పేరు నోరు తిరగలేదు. చివరిదాకా సిటీ పోలీస్ అనే అన్నాడు.

ఆ తర్వాత తరం కలకత్తా వెళ్లిపోయింది. పైసలూ అక్కడే, జనమూ అక్కడే. సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో బ్రాంజ్ తెచ్చిన టీమ్‌కు కెప్టెన్. ముహమ్మద్ హబీబ్‌ను కలకత్తాలో బడే మియాఁ అనేవాళ్లు, తమ్ముడు అక్బర్‌ను ఛోటే మియాఁ. 1976లో ఈస్ట్ బెంగాల్ మీద మోహన్ బగాన్ తరఫున అక్బర్ ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. 1977లో పెలే కాస్మోస్ టీమ్‌తో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే మోహన్ బగాన్ 2-2 చేసింది. అందులో ఒక గోల్ హబీబ్‌ది. షబ్బీర్ అలీ మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కెప్టెన్ అయ్యాడు. వీళ్లంతా హైదరాబాద్ మట్టిలో మోకాళ్లు గీరుకున్న వాళ్లే. పేర్లు మాత్రం బెంగాలీలకే ఎక్కువ యాద్. హబీబ్ సాబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ సాయంత్రం మా మస్జిద్ బయట ఈ ఖబర్ చెబితే, పాతికేళ్ల లోపు వాళ్లలో ఒక్కరికీ ఆయన ఎవరో తెలియలేదు. వాళ్ల ఖుసూర్ కాదు. ఎవరు చెప్పారని?

ఎందుకు పోయింది ఈ ఆట అంటే అందరూ క్రికెట్ మీద వేస్తారు. కొంత నిజమే. కానీ నా ఖయాల్ వేరు. ఆ టీమ్‌ను నిలబెట్టింది నౌకరీ. బస్తీలో ఒక గరీబు పిల్లవాడికి కాలుతో బంతి తన్నితే వర్దీ, తన్ఖా, ఇంటికి బియ్యం వస్తాయంటే, వాడి అమ్మే పొద్దున్నే లేపి గ్రౌండ్‌కు పంపుతుంది. ఆ దర్వాజా సన్నబడింది. దాని వెనకే మైదాన్లూ సన్నబడ్డాయి. షౌఖ్ ఒక్కటే మిగిలితే ఎన్నాళ్లు ఆడతారు, పెళ్లి కుదిరే దాకా.

మన ఫతే మైదాన్ సంగతే తీసుకోండి. 1687లో ఔరంగజేబ్ ఫౌజు గోల్కొండను ముట్టడించినప్పుడు ఇక్కడ డేరాలు వేసుకుందని, గెలిచాక ఆ పేరు వచ్చిందని అంటారు. అంటే ఆ ఫతే మనది కాదు, మన మీద. నిజాంల కాలంలో పోలో ఆడారు. 1955లో టెస్ట్ క్రికెట్ వచ్చింది, న్యూజీలాండ్ మీద ఉమ్రీగర్ 223 కొట్టాడు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఇప్పుడు ముఖ్యమంత్రులు హలఫ్ తీసుకునే చోటు. మనవాళ్లకైతే సర్కారీ దావతె ఇఫ్తార్ జరిగే చోటు.

నేనూ ఒక రంజాన్‌లో వెళ్లాను. మగ్రిబ్ అజాన్‌కు ముందు వేల మంది దస్తర్‌ఖాన్ ముందు ఖజూర్ పట్టుకుని కూర్చున్నారు. నా పక్కన నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక తెలుగు మాస్టారు, ఆయన ఇద్దరు కొడుకులు. మాటల్లో నూర్ ముహమ్మద్ ఈ మైదాన్లో ఆడేవాడని చెప్పాను. పెద్ద పిల్లవాడు "ఏ పొజిషన్?" అని అడిగాడు. హాఫ్ బ్యాక్ అన్నాను. అజాన్ అయింది. రోజా విడిచాక, నమాజ్ కూడా అయ్యాక, వాడు మళ్లీ నా దగ్గరికి వచ్చి "ఇంకా ఎవరున్నరు అంకుల్?" అన్నాడు. ఆ రాత్రి వాళ్ల బస్సు టైమయ్యే దాకా చెప్పాను.

2024లో ఈద్ రోజే 'మైదాన్' సినిమా వచ్చింది. పిల్లలను తీసుకెళ్లాను. అజయ్ దేవ్‌గణ్ బాగా చేశాడు, ఏడిపించాడు కూడా. కానీ అది ఇండియా టీమ్ కథ. సిటీ పోలీస్ కథ సినిమాకు బయటే ఉండిపోయింది, ఇంకెవరైనా తీస్తే తప్ప. కొత్త క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ ట్రోఫీ ఎత్తినప్పుడు నేను టీవీ ముందు లేచి నిలబడ్డాను. అబ్బా మాత్రం కూర్చునే చూశాడు. "హమారే లడ్కే కిత్నే?" అని అడిగాడు. మన గల్లీ పిల్లలెందరు అని. ఆ సవాల్ న్యాయమైందే. ఇప్పుడు మా ముహల్లాలో పిల్లలు ఆడేది నెట్లు కట్టిన టర్ఫ్ మీద, గంటకింత అని కిరాయి కట్టి. కిరాయి పంచుకోలేని వాడు బయట నిలబడి జాలీలోంచి చూస్తాడు.

మా ఇంట్లో ఆ టీమ్ ఫోటో ఒక్కటి కూడా లేదు. దాదా ఏదీ దాచలేదు, ఆయనకు తన వేళ్లే చాలు. అందుకే మీ ఇళ్లలో ఇంకా డెబ్భై, ఎనభై దాటిన బుజుర్గులుంటే, పాత పెట్టెల్లో పోలీస్ టీమ్ ఫోటోలుంటే, ఈ జుమ్మాకు అందరూ ఇంట్లో ఉన్నప్పుడు అడగండి. ఏ మైదాన్లో ఆడారు, బూట్లు ఎక్కడివి, ఎవరు గోల్‌లో ఉండేవాళ్లు. ఫోన్‌లో రికార్డ్ చేయండి. 1948 గురించి అడిగితే వాళ్లూ చెప్పకపోవచ్చు. ఫుట్‌బాల్ గురించి అడిగితే చెబుతారు.

దాదా పరేడ్ చేసింది గోషామహల్ పోలీస్ గ్రౌండ్‌లో. గోషా అంటే పరదా. కుతుబ్ షాహీల జమానాలో జనానా కోసం కట్టిన మహల్ పేరే ఆ ఇలాఖాకు మిగిలింది. 2025 జనవరి 31న అక్కడ కొత్త ఉస్మానియా దవాఖానాకు పునాదిరాయి వేశారు. మైదాన్ పోతుందని ఆ చుట్టుపక్కల జనం ఎతరాజ్ చెప్పారు. నాకూ మనసు చివుక్కుమంది. అఖ్బార్ పట్టుకుని అబ్బా దగ్గరికి వెళ్లాను, ఏమంటాడోనని.

అబ్బా కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. మడిచి పక్కన పెట్టాడు.

"కట్టనీ బేటా," అన్నాడు. "మీ దాదా ఆఖరి పదకొండు రోజులు ఉస్మానియాలనే ఉన్నడు. గా పాత బిల్డింగు పెచ్చులు ఎట్ల రాలుతున్నయో నువ్వు సూడలే." కాసేపాగి, "గ్రౌండ్ల ఏ మూలకు కడుతున్నరట?" అని అడిగాడు.