కొండమీది సరస్సులకు వెళుతున్నారా?

"రోజూ పొద్దున ఖిల్లా ఎక్కి దిగుతా సార్, ఆయాసమన్న మాటే లేదు. కాశ్మీరు కొండలు నన్నేం చేస్తయ్?"

మా మెదక్ ఆసుపత్రి ఓ.పి.లో ఈమధ్య ఇటువంటి ప్రశ్న తరచు వినిపిస్తోంది. వెనుకటి రోజుల్లో ఇక్కడినుంచి హిమాలయాలకు బయలుదేరేవారంటే కేదారనాథ్, బదరీనాథ్, అమరనాథ్ యాత్రికులే. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కాలేజీ కుర్రవాళ్ళు, రిటైరైన దంపతులు కూడా గైడు వెంట వారం రోజులు కొండల్లో నడిచి, గుడారాల్లో పడుకొని వస్తున్నారు. దీనినే ట్రెక్కింగు అంటున్నారు. వీరిలో చాలామంది కోరుకునేది కాశ్మీరు మహాసరస్సుల యాత్ర. 2023 ఆగస్టులో, నా యాభైనాలుగో ఏట, నేనూ ఆ దారిన నడిచి వచ్చాను. కాబట్టి ఈ వారం మిమ్మల్ని కూడా ఆ దారి వెంట తీసుకువెళతాను. దారిలో మీ శరీరంలో ఏం జరుగుతుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో చెబుతాను.

ముందుగా ఒక్క మాట. మెదక్‌లో ఎవరు ఎంత బలవంతులో ఆ కొండలకు తెలియదు. అక్కడ కావలసింది బలంకన్నా వ్యవధి.

మన గాలి, అక్కడి గాలి

మెదక్ సముద్రమట్టానికి సుమారు 1,450 అడుగుల ఎత్తున ఉంది. ఈ యాత్రలో మీరు దాటే ఎత్తయిన కనుమ సుమారు 13,800 అడుగులు. "అక్కడ గాలిలో ఆక్సిజన్ తక్కువ" అని అందరూ అంటారు. నిజానికి అక్కడి గాలిలోనూ నూటికి 21 పాళ్ళు ఆక్సిజనే. తగ్గేది గాలి పీడనం. గడ్డివామును గుర్తు చేసుకోండి. అడుగున గడ్డి అణగి బిగువుగా ఉంటుంది, పైన వదులుగా ఉంటుంది. గాలీ అంతే. సముద్రపుటొడ్డున ఒక్క శ్వాసలో 100 పాళ్ళ ఆక్సిజన్ దొరికితే మెదక్‌లో సుమారు 95 పాళ్ళు దొరుకుతుంది. ఆ కనుమ మీద దొరికేది 60 పాళ్ళే.

ఈ లోటు తీర్చుకోవడానికి శరీరం వెంటనే పని మొదలుపెడుతుంది. శ్వాస వేగం పెరుగుతుంది, గుండె త్వరగా కొట్టుకుంటుంది. ఎక్కువగా శ్వాసించడంవల్ల రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాన్ని సరిదిద్దే పని మూత్రపిండాలది. వాటికి కొన్ని రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలు కావాలి.

అందుకే ఖిల్లా ఎక్కేవారికి నేను చెప్పేది ఇది. ఖిల్లా మీ కాళ్ళకు పాఠం చెబుతుంది, రక్తానికి చెప్పలేదు. పైగా యువకులకు, దిట్టమైనవారికి ఇంకో ప్రమాదం ఉంది. కాళ్ళలో సత్తువ ఉండడంవల్ల శరీరం సర్దుకునేలోగానే వారు పైకి చేరుకుంటారు.

1962 యుద్ధకాలంలో మన సైనికులను మైదానాలనుంచి ఉన్నట్టుండి ఎత్తయిన స్థావరాలకు చేర్చవలసి వచ్చింది. వ్యాయామంలో ఆరితేరిన ఆ జవాన్లు కూడా తలనొప్పితో, వాంతులతో, ఆయాసంతో మంచాన పడ్డారు. భారత సైన్యపు వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసాన్ని ఈ జబ్బు గురించి చదివే వైద్యులు ఇప్పటికీ ప్రస్తావిస్తూనే ఉంటారు.

ఇక బయలుదేరుదాం

హైదరాబాదులో విమానమెక్కి శ్రీనగర్‌లో దిగుతారు. ఎత్తు సుమారు 5,200 అడుగులు. అక్కడ సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడినుంచి సింధ్ నది వెంట 80 కిలోమీటర్లు కారులో వెళితే సోనమర్గ్. ఎత్తు సుమారు 9,000 అడుగులు. నడక మొదలయ్యేది ఇక్కడే.

సోనమర్గ్‌లో రెండు రాత్రులు గడపండి. ఇది ఈ వ్యాసంలోకెల్లా ముఖ్యమైన సలహా. ఎందుకంటే మొదటి రోజు నడకతోనే మీరు నిచ్‌నై దగ్గర సుమారు 11,500 అడుగుల ఎత్తున పడుకోవలసి ఉంటుంది. 10,000 అడుగులు దాటాక, నిన్న పడుకున్న చోటికంటే ఈ రాత్రి పడుకునే చోటు 1,600 అడుగులకు మించి ఎత్తులో ఉండకూడదన్నది వైద్యుల నియమం. ఇక్కడ మొదటి రోజే 2,500 అడుగులు పెరుగుతోంది. సోనమర్గ్‌లో గడిపే అదనపు రోజు దానికి కొంత విరుగుడు. ఆ రోజు గదిలో పడుకోకుండా దగ్గరి గుట్ట కొంతదూరం ఎక్కి దిగి రండి. పగలు ఎత్తుకు వెళ్ళి రాత్రి కిందికి వచ్చి పడుకోవడం మంచి అలవాటు.

రెండో రోజు నిచ్‌నై కనుమ. సుమారు 13,500 అడుగులు. రెండు మెట్లు ఎక్కి ఆగుతారు, మళ్ళీ రెండు మెట్లు. సిగ్గుపడనక్కరలేదు, గుర్రాలవాళ్ళు కూడా ఆగుతారు. పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా నడవడమే సరైన వేగం. కనుమ దాటి దిగితే పచ్చిక బయలు, దాని చివర విషన్‌సర్ సరస్సు. ఎత్తు 12,000 అడుగుల పైచిలుకు. ఉదయం నెమలికంఠం రంగులో ఉన్న నీళ్ళు మబ్బు పట్టగానే సీసం రంగుకు మారతాయి. దానికి పైన క్రిషన్‌సర్. ఇక్కడ ఒక రోజు ఆగే ఏర్పాటున్న బృందాన్నే ఎంచుకోండి.

ఆ తరువాత గడ్‌సర్ కనుమ, యాత్ర మొత్తంలో ఎత్తయినది. అవతల పూలతో నిండిన లోయ, ఆగస్టులో కూడా మంచుగడ్డలు తేలే గడ్‌సర్ సరస్సు. మరునాడు సత్‌సర్, అంటే ఏడు సరస్సులు. మన ఏడుపాయల దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలినట్టు, అక్కడ నీరు చిన్నాపెద్దా గుంటలుగా నిలిచి ఉంటుంది. ఎండలు ముదిరితే వాటిలో కొన్ని ఇంకిపోతాయి. ఆపై జాజ్ కనుమ. అక్కడ నిలబడితే 16,870 అడుగుల హర్‌ముఖ్ శిఖరం, దాని పాదాన గంగాబల్, నంద్‌కోల్ సరస్సులు ఒక్కసారిగా కనిపిస్తాయి. గంగాబల్ కాశ్మీరీ పండితులకు పవిత్రస్థలం. తమవారి అస్థికలను ఈ నీటిలో కలిపే ఆచారం వారికి ఉంది. చివరి రోజు నారానాగ్‌కు దిగడం. అక్కడ రాతి ఆలయాల శిథిలాలు ఉన్నాయి. ఆ ఒక్కరోజే సుమారు 4,000 అడుగులు దిగాలి. మోకాళ్ళ అసలు పరీక్ష ఎక్కడంలో కాదు, ఈ దిగడంలోనే.

దిగాలన్నా ఎక్కాలి

ఈ దారికి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు కొండ మీద జబ్బు చేస్తే వచ్చిన దారినే కిందికి దిగుతాం. ఇక్కడ నిచ్‌నై కనుమ దాటాక వెనక్కి రావాలన్నా, ముందుకు పోవాలన్నా ఇంకో కనుమ ఎక్కవలసిందే. రోగికి కావలసిన మందు దిగడం, దొరికేదేమో ఎక్కడం. అందుకని అనుమానం తీర్చుకోవలసింది నిచ్‌నైకి ఇవతలే.

మా బృందంలో ముప్ఫై ఏళ్ళ యువకుడొకడు ఉన్నాడు, మన జిల్లావాడే. మొదటి రాత్రి గుడారంలో అన్నం ముట్టలేదు. అడిగితే "ఆకలిగా లేదు సార్" అన్నాడు. తెల్లవారి వాంతి చేసుకుంటుంటే చూశాను. రాత్రంతా తలనొప్పేనట. నొప్పి మాత్రలు రెండు మింగి ఎవరికీ చెప్పలేదు. ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనిస్తూ, తాడు మీద నడిచినట్టు పది అడుగులు వేయమన్నాను. నాలుగో అడుగుకు తూలాడు. వెంటనే గైడు సహాయకుణ్ణి తోడిచ్చి గుర్రం మీద సోనమర్గ్‌కు పంపించాం.

వెళుతూ కంటతడి పెట్టుకున్నాడు. కట్టిన డబ్బు, దొరకక దొరకక దొరికిన సెలవు, ఇంటికెళితే "సగంలో వచ్చావా" అనే స్నేహితులు. తలనొప్పిని దాచినది ఇందుకే. సాయంత్రానికే తలనొప్పి తగ్గి రొట్టెలు అడిగి తిన్నాడని మేము దిగి వచ్చాక తెలిసింది. మరొక్క రోజు దాచి కనుమ దాటి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

లక్షణాలు గుర్తుపెట్టుకోండి

ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం, వీటిలో ఏదైనా ఉంటే, మరో కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు జబ్బే అనుకోండి. ఉన్నచోటే ఆగండి. తగ్గితే ముందుకు, తగ్గకపోతే కిందికి.

తూలడం, మాట తడబడడం, మతిమరుపు కనిపిస్తే మెదడులో వాపు వస్తోందన్నమాట. కూర్చున్నా ఆయాసం, వదలని దగ్గు, గులాబిరంగు నురగ కఫం కనిపిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందన్నమాట. ఈ రెండూ ప్రాణాంతకం. తెల్లవారేదాకా చూద్దాం అనుకోకూడదు. ఆక్సిజన్ పెట్టి, రాత్రయినా సరే కిందికి దించాలి. రోగిని ఒంటరిగా పంపకూడదు. గైడు దగ్గర ఆక్సిజన్ సిలిండరు, అత్యవసర మందులు, వాటిని వాడడంలో శిక్షణ ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

కరోనా రోజుల్లో ఇంటింటికీ చేరిన ఆక్సీమీటరును చాలామంది వెంట తెస్తున్నారు. మెదక్‌లో 98 చూపే వేలు అక్కడ 85 చూపవచ్చు. లక్షణాలు లేనివారు దానికి బెదరనక్కరలేదు. లక్షణాలు ఉన్నవారు అంకె బాగుందని ధైర్యపడకూడదు.

మందులూ, అపోహలూ

అసిటజోలమైడ్ అనే మాత్ర శరీరం సర్దుకోవడానికి తోడ్పడుతుంది. పెద్దలకు మామూలుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు, ఎక్కడానికి ముందురోజునుంచి ఇస్తాం. వేళ్ళు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ కావడం దానివల్ల మామూలే. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బున్నవారు ముందే చెప్పాలి. మీ డాక్టరును అడగకుండా వాడకండి. మాత్ర వేసుకున్నాం కదా అని తొందరగా ఎక్కకండి.

కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని యాత్రికుల్లో గట్టి నమ్మకం. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందంతే, రక్తంలో ఆక్సిజన్ ఏమాత్రం పెరగదు. చలికని బ్రాందీ పుచ్చుకోవడం మరీ ప్రమాదం. సారాయి ఒంటి వేడిని బయటికి పోగొడుతుంది, నిద్రలో శ్వాసను మందగింపజేస్తుంది. నిద్రమాత్రలు కూడా వద్దు. మూత్రం లేతరంగులో ఉండేటట్టు నీళ్ళు తాగితే చాలు, బిందెలకొద్దీ తాగనక్కరలేదు.

ఎవరు వెళ్ళకూడదు?

గుండెనొప్పి ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఊపిరితిత్తుల జబ్బుతో నాలుగడుగులకే ఆయాసపడేవారు, తీవ్రమైన రక్తహీనత లేక సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఈ యాత్ర పెట్టుకోవద్దు. మధుమేహం, ఉబ్బసం అదుపులో ఉన్నవారు డాక్టరు సలహాతో వెళ్ళవచ్చు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, రాత్రిపూట ఒంటికి దగ్గరగా పెట్టుకొని పడుకోండి.

మెదక్‌లో చేయవలసినవి

మూడు నెలల ముందునుంచి వారానికి అయిదు రోజులు నడవండి. ఆదివారం అయిదు కిలోల సంచి వీపున వేసుకొని ఖిల్లా రెండు మూడుసార్లు ఎక్కి దిగండి. కొత్త బూట్లు అక్కడ కాదు, ఇక్కడే తొడిగి మెత్తబరచుకోండి. నూలు బనియన్లు, జీన్సు ప్యాంట్లు తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఉన్నిబట్టలు, వానకోటు తీసుకోండి. నల్ల కళ్ళద్దాలు సోకు కాదు, కంటికి రక్ష.

కాలం జులై నుంచి సెప్టెంబరు మధ్యవరకు. దారి అధీనరేఖకు దగ్గర కాబట్టి సైనికులు గుర్తింపు కార్డులు చూస్తారు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తరువాత కాశ్మీరులో అనేక పర్యాటక స్థలాలను మూసివేశారు. కనుక మీరు వెళ్ళే ఏడు అనుమతి ఉందో లేదో విచారించుకున్నాకే టిక్కెట్లు కొనండి.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, నిండా పధ్నాలుగేళ్ళు రాకముందే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. మన భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగులో, లడఖ్‌లో శిక్షణ పొంది, ఆ తరువాతే అక్కడికి వెళ్ళింది. అక్కడ కూడా వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ శరీరాన్ని అలవాటు చేసుకున్నాకే శిఖరానికి బయలుదేరింది. అంతటి పిల్లకే అంత వ్యవధి కావలసివస్తే, సంవత్సరమంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనకు సోనమర్గ్‌లో ఒక్క రోజు ఎక్కువేం కాదు.

కాబట్టి సెలవు చీటీ రాసేటప్పుడే రెండు రోజులు ఎక్కువ రాయండి. కొండ మీద తలనొప్పి వస్తే ఆ పూటే గైడుకు చెప్పండి. మీ పక్క గుడారంలోని మనిషి అన్నం వద్దంటే, ఎందుకని అడగండి.