మేము, మనము

2020 ఆగస్టు 10వ తేదీన చెన్నై నుండి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భ తంతి మార్గం ప్రారంభమైంది. దాని నిడివి సుమారు 2,300 కిలోమీటర్లు. అంతవరకు ఉపగ్రహాల ద్వారా అందే కొద్దిపాటి ఇంటర్నెట్టుతో సరిపెట్టుకొన్న ద్వీపవాసులకు ప్రపంచం ఒక్కసారిగా చేరువైంది. వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఆ తంతి వెంట పాఠాలు, వార్తలు, సినిమాలు వచ్చాయి. వాటితోపాటు, మునుపు దింపుకొనడం దుర్లభమైన భారీ వీడియో గేములు కూడా పడుచువారికి అందుబాటులోకి వచ్చాయి.

అట్టి ఆటలలో పేరెన్నికగన్నది కెనడా దేశపు బయోవేర్ సంస్థ నిర్మించిన ‘మాస్ ఎఫెక్ట్’. షెపర్డ్ అనే నౌకాధిపతి కథ 2007, 2010, 2012 సంవత్సరాలలో మూడు భాగాలుగా వెలువడింది. ఆటగాడే షెపర్డ్. నార్మండీ అనే అంతరిక్ష నౌకలో తిరుగుతూ, సమస్త జీవకోటినీ తుడిచిపెట్టబూనిన యంత్రాలను ఎదిరించాలి. ఆట అనగానే పెద్దలకు తుపాకులు, పేలుళ్లు స్ఫురించడం సహజం. అవి ఇందులోనూ కొల్లలు. కానీ ఆడి ఏళ్లు గడిచిన తరువాత కూడా మనస్సులో నిలిచేది యుద్ధం కాదు. వెంట నడిచిన సహచరులు.

ఆ సహచరులలో పలువురు మనుష్యులు కారు. గ్యారస్ ఒకనాటి రక్షకభటుడు. చట్టం చేతులు కట్టివేస్తున్నదని విసిగి బయటికి వచ్చినవాడు. టాలీ జాతివారికి రోగనిరోధక శక్తి కొరవడినందువల్ల ఆమె ముఖం ఎప్పుడూ తొడుగు మాటుననే ఉంటుంది. రెక్స్ జాతిని మరొక జాతి శాస్త్రజ్ఞులు సృష్టించిన జన్యువ్యాధి పీడిస్తున్నది. వారి శిశువులలో అత్యధికులు పుట్టకముందే మరణిస్తారు. ఆ వ్యాధి బలం తగ్గకుండా చూసిన శాస్త్రజ్ఞుడు మోర్డిన్ కూడా ఆ నౌకలోనే ఉంటాడు. కథ ఒక దారిన సాగితే, తాను చేసినదానిని సరిదిద్దుతూ అతడే ప్రాణం విడుస్తాడు.

వీరి బ్రతుకు చాలావరకు ఆటగాడి ఓపిక మీద ఆధారపడి ఉంటుంది. యుద్ధానికీ యుద్ధానికీ నడుమ నౌకలో ఒక్కొక్కరి గదికీ వెళ్లి పలకరించవచ్చు, పలకరించకుండా సాగిపోవచ్చు. రెండవ భాగంలో ప్రతి సహచరునికీ తీరని సొంత వ్యథ ఒకటి ఉంటుంది. దానిని ఆలకించి, వెంట వెళ్లి పరిష్కరించకపోతే చివరి పోరాటంలో అతడు మరణించే ప్రమాదం పెరుగుతుంది. మరణించినవాడు మూడవ భాగంలో ఇక కనిపించడు. గురి తప్పడం కన్న వినకపోవడం పెద్ద తప్పు కావడం ఈ ఆటలోని విశేషం.

అందరిలోకీ చిత్రమైనవాడు లీజియన్. అతడొక యంత్రం. అతని దేహంలో 1,183 కార్యక్రమాలు ఒకే బుద్ధిగా మసలుతాయి. కనుక అతడు ‘నేను’ అనడు. ఆంగ్లంలో ‘వి’ అంటాడు. ఆ చిన్న మాటను తెలుగు చేయవలసి వస్తే కలం ఆగిపోతుంది. ఎదుటివానిని విడిచి చెప్పుకొంటే ‘మేము’, కలుపుకొని చెబితే ‘మనము’ అనే భేదం తెలుగు పసిపిల్లలకు కూడా తెలుసు. లీజియన్ నోట వచ్చే ప్రతి ‘వి’లో షెపర్డ్ ఉన్నట్టా, లేనట్టా? తొలినాళ్లలో సందేహం లేదు, అది ‘మేము’. తరువాత నిర్ణయించడం అంత సులువు కాదు. చివరకు తన జాతి కోసం ప్రాణం ఇచ్చే వేళ అతడు మొదటిసారిగా ‘నేను’ అంటాడు. ఎందరో ఆటగాళ్లు కంట తడి పెట్టుకొన్న ఘట్టం అది.

ఆంగ్ల సాహిత్యం చదివినవారికి ఈ సందర్భంలో మరొక సహచరుడు గుర్తుకు వస్తాడు. అతడిది అండమానే. కానన్ డాయిల్ 1890లో ప్రచురించిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో టోంగా అనే ద్వీపవాసి ఉన్నాడు. జబ్బుపడిన తనకు సేవ చేసిన ఖైదీని వీడక, పడవలో తప్పించి, ఇంగ్లండు దాకా వెంట వెళ్లి, థేమ్స్ నదిలో తుపాకి దెబ్బకు నేలకొరిగిన విశ్వాసపాత్రుడు. రచయిత అతనికి నరమాంస భక్షకుడనే అపవాదు అంటగట్టాడు. అండమానీయులు విల్లంబులు వాడేవారైతే, అతని చేతికి విషపు ముల్లు ఊదే గొట్టం ఇచ్చాడు. అతని కథను ఆ ఖైదీ చెబుతాడే తప్ప అతడు చెప్పుకోడు. 1,183 కార్యక్రమాల యంత్రానికి దక్కిన ‘నేను’ ఆ మనిషికి దక్కలేదు.

ఆటలోని రెక్స్ జాతి గాథ కూడా ఈ దీవులకు పూర్తిగా కొత్త కాదు. 1858లో ఆంగ్లేయులు ఖైదీల వలసను స్థాపించిన నాటికి గ్రేట్ అండమానీయులు సుమారు 5,000 మంది ఉండేవారని అంచనా. బయటివారు తెచ్చిన రోగాలు, ఘర్షణలు వారిని హరించాయి. వారి పది భాషలలో ‘బో’ ఒకటి. ఆ భాష మాట్లాడిన ఆఖరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి మాసాంతంలో, సుమారు 85వ ఏట కన్నుమూసింది. ‘మాస్ ఎఫెక్ట్’ రెండవ భాగం విడుదలైనదీ ఆ మాసాంతంలోనే.

బదులు పలికే రెండవ మనిషి లేక బోవా తన భాషలో పక్షులతో మాట్లాడేదని ఆమె మాటలను నమోదు చేసిన భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి తెలిపారు. ‘మనము’ అనడానికి ఆమెకు మిగిలినవి పక్షులే కాబోలు. అబ్బి ఆ దీవుల పెద్దల చెంత కూర్చుని విన్న మాటలు 2012లో గ్రేట్ అండమానీస్ నిఘంటువుగా వెలువడ్డాయి.

ఆటలో సహచరుడు మరణిస్తే, దాచుకొన్న పాత ఘట్టానికి వెనుదిరిగి మళ్లీ ఆడవచ్చు. అప్పుడు పెడచెవిని పెట్టిన మాటను ఈసారి నిలిచి వినవచ్చు. ఈ దీవులలోని పెద్దల విషయంలో అట్టి వెసులుబాటు లేదు. విన్నంత మేరకు నిఘంటువులో ఉన్నది. తక్కినది పక్షులు విన్నాయి.