ఇంటిపేరు మారిన సహాధ్యాయినులు

డల్లాసు నగరమున ముప్పదియేండ్లుగా నివసించుచున్నను, నా మనస్సున చెదరక నిలిచినవి నకరికల్లు అడ్డరోడ్డున నరసరావుపేట బస్సు కొఱకు వేచిన ఉదయములే. 1950లో స్థాపితమైన ఎస్.ఎస్.ఎన్. కళాశాలలో 1987 మొదలు 1990 వఱకు మాతో బి.ఎస్సీ. చదివినవారు నలువదియిద్దఱు, వారిలో ఆడపిల్లలు తొమ్మండుగురు. మేము చేరిన యేడే తెల్లదోమ సోకి గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిరైతు నేలకూలెను గనుక, మా పుస్తకములకు సైతము తండ్రులు అప్పుచేసిన దినములవి.

గత సంక్రాంతికి ఊరికి పోయినపుడు అందఱను ఒకచోట గూర్చవలెనని సంకల్పించితిమి. మగవారి జాడ మూడు వారములలో దొఱకెను. ఒకడు సాగరు కుడికాలువ క్రింద మిరప పండించి గుంటూరు యార్డునకు టిక్కీలు తోలుచున్నాడు, ఇద్దఱు బడిపంతుళ్లు, ఏడుగురు హైదరాబాదున, నలుగురము అమెరికాలో. ఎవని ఇంటిపేరు వానితోనే యున్నది గనుక, హాజరుపట్టీ చదివి వినిపించినంతనే రచ్చబండ కడ ఎవరో యొకరు చిరునామా చెప్పిరి.

ఆడపిల్లలకు ఆ పట్టీ పనికిరాలేదు. పెండ్లితో పేరు మారెను, ఊరు మారెను. తల్లిదండ్రులు గతించి, అన్నదమ్ములు పట్నములకు తరలిన పిమ్మట, ఆ పాతపేరు నెఱిగినవారే కరవైరి. 1985 సెప్టెంబరు నుండి మన రాష్ట్రచట్టము పెండ్లికాని ఆడబిడ్డకు పూర్వుల ఆస్తిలో కొడుకుతో సమానముగా పాలు నిచ్చెను. ఇంటిపేరు విడువుమని ఏ చట్టమును చెప్పలేదు. అయినను మా తొమ్మండుగురిలో పొలమున పాలు పొందినవారిని గాని, పేరు నిలుపుకొన్నవారిని గాని నేనెఱుగను.

రసాయనశాస్త్రమున తరగతికెల్ల మొదటిదిగా నిలిచిన యామెను, ఐదు ఊళ్లు విచారించిన మీదట, పిడుగురాళ్లలో కనుగొంటిమి. పాతపేరుతో పిలువగా క్షణకాలము తడబడి, “ఆ ఇంటిపేరుతో నన్నెవరూ పిలవక ముప్పయ్యేళ్లయిందండీ” అని కన్నులు తుడుచుకొనెను. భర్తది సున్నపు బట్టీ. సుమారు తొమ్మిదివందల డిగ్రీల వేడికి రాతిలోని బొగ్గుపులుసు వాయువు వెడలి సున్నము మిగులునని మేము పరీక్షకై వల్లించి మఱచితిమి. ఆమె మాత్రము ఆ విద్యతోనే ఇరువదియేండ్లుగా బట్టీ నడుపుచున్నది. దించిన రాతిని చేతబట్టి, నీరు చల్లి, లోపల పచ్చి యున్నదో లేదో ఆమె చెప్పిన పిమ్మటనే లారీ కదలును. మాలో చదువును ఇంతగా వాడుకొన్నవారు వేఱొకరు లేరని నా దృఢవిశ్వాసము.

ఆమె కోరికపై అందఱము చేజెర్లకు పోయితిమి. శిబి చక్రవర్తి కథతో పెనవేసికొన్న ఆ కపోతేశ్వరాలయము పూర్వము బౌద్ధచైత్యమని పండితుల నిర్ణయము. దైవము మారి, పేరు మారి, శతాబ్దములు గడచినను, ఏనుగు వెన్ను బోలిన కప్పు నేటికిని అట్లే యున్నది. ఆమె ఆ గోడకు చేయి యానించి చాలసేపు నిలిచినది.

ముగ్గురి జాడ ఇంకను తెలియలేదు. 1990లో నరసరావుపేటలో బి.ఎస్సీ. ముగించిన నకరికల్లు, కుంకలగుంట, చల్లగుండ్ల ఆడపడుచు మీ యింట తల్లిగానో, అత్తగానో, వదినెగానో ఉన్నచో, దయచేసి ఆమె పుట్టింటి పేరు అడుగుడు.