మావారి వాల్వు ఆంప్, ఇంటి ఖర్చు

పాత పాటల పిచ్చి ఉన్న మనిషి మీ ఇంట్లో కూడా ఉంటే ఇది చదవండి. మావారు ఆరు నెలల పాటు వాల్వు ఆంప్ కొందామని ఒకటే పోరు. వాల్వు అంటే మరేం కాదు, మన తాతల నాటి రేడియో లోపల ఎర్రగా వెలిగే గాజు బుడ్డి. మీట తిప్పాక అది వేడెక్కితే గానీ పాట వచ్చేది కాదు, గుర్తుందా? అమెరికాలో ఉన్నవాళ్లు ట్యూబు అంటారు, ఇక్కడ ఇంగ్లండులో వాల్వు.

ఆయన మనసంతా 300బి మీద. 1930ల నాటి అమెరికా వాల్వు, అప్పట్లో సినిమా హాళ్ల ఆంప్‌లలో వాడేవారు. చానల్‌కి ఒక్కటి పెడితే వచ్చేది దాదాపు 8 వాట్లు. ఆయన చూపించిన ఆంప్ ధర మాత్రం మేమంతా ఇండియా వెళ్లొచ్చే టికెట్లంత! ఈ ఏడు అత్తయ్యగారి కంటి ఆపరేషన్‌కి వెళ్లాలి మరి. అందుకని నైట్ డ్యూటీ బ్రేకుల్లో నేనూ చదవడం మొదలుపెట్టాను.

ఒక్క వాల్వే మొత్తం పని చేస్తే సింగిల్ ఎండెడ్. రెండు వాల్వులు పంచుకుంటే పుష్-పుల్, ఒకే రోట్లో ఇద్దరు చెరో రోకలితో దంచినట్టు. సింగిల్ ఎండెడ్‌లో అసలు స్వరానికి పై స్థాయి స్వరం రవ్వంత కలుస్తుంది. గొంతు నిండుగా అనిపించేది అందుకే. లెక్క ప్రకారం అది లోపమే, కాకపోతే చెవికి ఇంపైన లోపం. పుష్-పుల్‌లో అది చాలావరకు కొట్టుకుపోతుంది, శక్తి మాత్రం ఎక్కువ.

దుకాణంలో జానకమ్మ పాట పెట్టించుకుని విన్నాం. 300బిలో ఆవిడ ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది, అబద్ధమెందుకు. కానీ అక్కడున్నవి బాకా మూతి పెద్ద స్పీకర్లు. ఒక్క వాటుకి 95 డెసిబెల్స్ ఇస్తాయట. మా ఇంట్లోవి 86. మూడు డెసిబెల్స్ తగ్గినప్పుడల్లా శక్తి రెట్టింపు కావాలి. అంటే అక్కడ ఒక వాటు చేసే పనికి మా ఇంట్లో ఎనిమిది కావాలి. ఆ ఆంప్ మొత్తం శక్తి అంతే కదండీ! మావారు మారుమాట్లాడలేదు.

చివరికి ఈఎల్ 84 పుష్-పుల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. చానల్‌కి 10 వాట్ల పైమాటే. ఈ వాల్వులు ఒకప్పుడు మాకు దగ్గర్లోని బ్లాక్‌బర్న్‌లో, ములార్డ్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. ఇప్పుడు స్లొవేకియా, రష్యాల నుంచి కొత్తవి వస్తున్నాయి, ధరా తక్కువే. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది వాల్వు పేరుకి కాదు, స్పీకర్ వైపు వెళ్లే ట్రాన్స్‌ఫార్మరుకి. బరువైన మంచి ట్రాన్స్‌ఫార్మరు లేకపోతే ఏ వాల్వు పెట్టినా బాస్ పేలవంగానే ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. లోపల 300 వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, మా వార్డులో గుండెకి షాకిచ్చే మిషన్ దాచుకున్నట్టే. అడుగు పలక విప్పనివ్వకండి. స్పీకర్లు తగిలించకుండా ఆన్ చేయనివ్వకండి, ట్రాన్స్‌ఫార్మరు పాడవుతుంది. గాజు కూడా చెయ్యి కాలేంత వేడి. పైనున్న జాలీ మూత తీసేస్తే వాల్వుల వెలుగు అందంగా కనబడుతుందని మావారి గోల. మా చిన్నాడికి ఐదేళ్లు. మూత ఉంటుంది.